పాలోడి మీసం

గోదావరిఖనిలో మా కాలనీ పిల్లలు ఆయన బొమ్మ గీయాలంటే ముందు మీసం గీసి, తర్వాత మనిషిని గీసేవాళ్లు. చెవులదాకా మెలితిరిగిన మీసం, దానికి తగ్గ గిరజాల జుట్టు. గని కొలువు మధ్యలోనే వదిలేసి, మా డివిజన్‌లో కార్పొరేటర్‌గా నిలబడ్డాడు. ఫ్లెక్సీల మీద పార్టీ గుర్తు కంటే మీసమే పెద్దగా కనిపించేది. నాకు రాజకీయ నాయకులంటే ఒళ్లు మంట. ఆయన నమస్తే పెడితే తల తిప్పుకునేదాన్ని.

ప్రచారం మొదలైన రోజుల్లోనే మా బాపు పోయాడు. గనిలో ఫస్ట్ షిఫ్టు చేసి వచ్చి, బూట్లు విప్పుతూ అలాగే ఒరిగిపోయాడు. ఒక్కతే బిడ్డను కాబట్టి తలకొరివి నేనే పెట్టాను. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. చిక్కంతా పదో రోజు వచ్చింది. ఆ రోజు పాలోళ్లు, అంటే ఒకే ఇంటిపేరు అన్నదమ్ములు, గోదావరి ఒడ్డున జుట్టూ మీసం తీయించుకోవాలి. పొలం గట్టు పంతంతో మా చిన్నాయనలు ఒక్కరూ రాలేదు.

ఎండ మాడు పగలగొడుతోంది. కత్తి నూరుకుని కూర్చున్న మంగలి కాక "ఇంకెంత సేపు బిడ్డా?" అంటున్నాడు. మా అమ్మ దారివైపే చూసి చూసి, "బతుకంతా గనిల అరిగిపాయె. ఆఖరికి ఒక్క వెంట్రుక రాల్చెటోడు లేకపాయె" అని గుండెలు బాదుకుంది.

జనంలో నిలబడ్డ ఆ మీసాల నాయకుడు చొక్కా విప్పి, వచ్చి పీట మీద కూర్చున్నాడు. "గియ్యి కాకా" అన్నాడు.

వెంట వచ్చిన కార్యకర్తకు పై ప్రాణాలు పైనే పోయాయి. "అన్నా, ఫ్లెక్సీలన్నీ కట్టినం! మీసం పోతే ఓట్లు పోతయే!"

మా కులపెద్ద కూడా లేచాడు. "నీ కులమేంది, ఇంటిపేరేంది? నువ్వెట్ల పాలోనివైతవ్?"

"ఒక్క గనిల దిగినోళ్లం. ఒక్క టిఫిన్ల తిన్నోళ్లం. చీకట్ల ఒకని పాణం ఒకడు కాసినం. గింతకన్న పాలోడు ఎట్లుంటడే?"

నాకు ఏడుపు ఆగలేదు. అయినా, రేపు దీన్నే మైకులో వాయిస్తాడు చూడు, అనుకున్నాను.

మరునాడు నున్నటి గుండుతో గని గేటు దగ్గర ఓట్లడుగుతూ కనిపించేసరికి ఊరంతా గుప్పుమంది: ఆయన తల్లి పోయిందట! ఆడవాళ్లు శోకాలు పెడుతూ వాళ్లింటికి పోయారు. తలుపు తీసింది ఆ అవ్వే. "ఎవలు సచ్చిర్రని ఏడుస్తున్నరే?" అంది. అందరూ నాలుక కరుచుకున్నారు. "ఏడిస్తే ఏడిసిర్రు గానీ, చాయ తాగి పోర్రి" అని కూర్చోబెట్టింది.

నవ్వులాటగా మొదలైంది కానీ ఓట్లు నిజంగానే జారిపోసాగాయి. ఫ్లెక్సీలో మీసాలాయన, గుమ్మం ముందు బోడిగుండు. "నువ్వెవలు బిడ్డా?" అని ముసలవ్వలు అడిగేవాళ్లు. "ఓడిపోతనని ముందే గుండు కొట్టిచ్చుకున్నడు" అని అవతలివాళ్లు మైకుల్లో ఎగతాళి చేశారు. అసలు సంగతి చెప్తామని కార్యకర్తలు మొత్తుకున్నా ఆయన ఒప్పుకోలేదు. నేను చెవులు రిక్కించి వింటూనే ఉన్నాను. ఒక్క మీటింగులోనూ మా బాపు పేరు ఆ నోట రాలేదు. ఎవరైనా గుచ్చి గుచ్చి అడిగితే, "మా ఇంట్ల అన్న పోయిండు" అనేవాడు, అంతే. అబ్బ, ఏం మనిషి!

ఆఖరి మీటింగు మా చౌరస్తాలో జరిగింది. అవతలి పార్టీ పోరగాళ్లు "మీసమేదీ? మీసమేదీ?" అని అరుస్తున్నారు. భర్త పోయినామె ఏడాది దాకా గడప దాటకూడదు. అయినా గుమ్మంలో నిలబడి వింటున్న మా అమ్మ నా చెయ్యి విదిలించుకుని పోయి మైకు అందుకుంది.

"మీసమేదని అడుగుతున్నరు గదా. మా ఆయన పేరు మీద గోదాట్ల కలిసింది. పోయి ఎతుక్కోర్రి!"

జనమంతా ఆయన వైపు తిరిగారు. ఆయన మాత్రం తల ఎత్తలేదు.

గెలిచిన రోజు దండలతోనే మా ఇంటికి వచ్చి, ఒకటి తీసి బాపు ఫోటోకు వేశాడు. గుండు మీద అప్పుడప్పుడే వెంట్రుకలు మొలుస్తున్నాయి.

మా అమ్మ కోప్పడింది. "గంతమంది నవ్వవట్టిరి. ఆ ఒక్క మాట నువ్వే చెప్తే ఏంబోయె తమ్మీ?"

"ఇంటి మనిషి పోతే ఓట్లడుగుతరా వదినె?"

అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నేను చాయ తెచ్చి ఆయన చేతికిచ్చాను.

"చక్కెర ఇంకింత వెయ్యనా, చిన్నాయనా?" అని అడిగాను.