తుగ్యాని ఏడు పుట్టిన ఐదో మనిషి

నానక్‌రామ్‌గూడ బడిలో మధ్యాహ్నం అన్నం వండే రుక్కమ్మ ఎదురుకాళ్లతో పుట్టింది. అలా పుట్టినవాళ్లు నడుం మీద తంతే పట్టు వదులుతుందని నమ్మకం. అందుకని ఆదివారం పొద్దున ఆమె గుమ్మం ముందు ఇద్దరు ముగ్గురు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు గోడకు చేతులు ఆనించి వంగి నిలబడి ఉంటారు. ఆమె వరసగా తన్నుకుంటూ పోతుంది. ఎవరైనా జేబులో చెయ్యి పెడితే కసురుకుంటుంది.

"గింత పెద్ద నౌకరీ చేసేటోళ్లను తన్నే భాగ్యం ఎవలికుంటది? మల్ల పైసలు గూడనా? పోండ్రి."

ఎదురుకాళ్లతో వచ్చిన ఆమెను ప్రాణాలతో బయటికి తీసింది ఆమె నానమ్మ సత్తెమ్మ. సత్తెమ్మ ఈ ఊరి మంత్రసాని. ఒక ముంతలో ఆముదం, ఒక పాతచీర ముక్క, రెండు చేతులు: ఆమె దవాఖాన అంతే. పటేలు ఇంటికీ వెళ్లింది, వడ్డెరల గుడిసెకూ వెళ్లింది. రాళ్లు కొట్టే చోట ఒక కూలిమనిషికి నొప్పులొస్తే నాలుగు బండల మధ్య చీర అడ్డం కట్టి కాన్పు చేసింది. తల్లి చనిపోయిన రుక్కమ్మను పెంచింది కూడా ఆమే.

రుక్కమ్మకు పక్క గల్లీలోని రామన్నతో పెళ్లయింది. రామన్న రాయి కొట్టేవాడు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి నలభై దాటకుండానే పోయాడు. ఆ తర్వాత ఆ బండలూ పోయాయి. వాటి చోట అద్దాల భవనాలు లేచాయి. మొదటి భవనానికి కంకర తట్టలు మోసినవాళ్లలో రుక్కమ్మ ఒకతి. మోకాళ్లు మొరాయించాక బడిలో వంటకు కుదిరింది. పందొమ్మిదేళ్లుగా అక్కడే ఉంది.

నిరుడు బడి వెనక భవనంలోని ఒక కంపెనీ ఆ బడిని దత్తత తీసుకుంది. ప్రహరీ గోడను పది భాగాలు చేసి, 1901 నుంచి 1910 దాకా ఏడాదికొక భాగం కేటాయించింది. ఒక్కో భాగంలో ఆ ఏడు పుట్టిన నలుగురు ప్రముఖుల బొమ్మలు. వాటి కింద తెలుగు వాక్యాలు రాసే పని నాకిచ్చారు. 1908 కింద క్రికెట్ ఆటగాడు బ్రాడ్‌మన్, ఉరికంబమెక్కిన రాజ్‌గురు, జగ్జీవన్ రామ్, సోవియట్ శాస్త్రవేత్త లాండౌ ఉన్నారు. ఆ భాగం గేటుకు ఎదురుగా ఉంటుంది కాబట్టి అక్కడ ఐదో గడి కూడా గీసి, కంపెనీ గుర్తు కోసం ఖాళీగా వదిలారు.

ఒక మంగళవారం నేను గోడ మీద రాస్తుంటే రుక్కమ్మ గంటె పట్టుకుని వచ్చి నా వెనక నిలబడింది. ఆమె మూడో తరగతి దాకా చదివింది. కూడబలుక్కుంటూ అన్నీ చదివింది.

"బిడ్డా, పందొమ్మిదొందల ఎనిమిదంటే తుగ్యాని ఏడే గదా?"

తుగ్యాని అంటే మూసీ పొంగి పట్నాన్ని ముంచేసిన వరద. ఔనన్నాను.

"మరి మా నానమ్మ ఏది? తుగ్యాని ఒచ్చిన మూడో దినం పుట్టింది ఆమె."

మర్నాడు కంపెనీ తరఫున ఈ పని చూస్తున్న ఉదయ్ భాస్కర్ గారు వస్తే ఆమెనే ఆయన ముందుకు తీసుకెళ్లాను. ఆయన కాకినాడ వైపు మనిషి. నెమ్మదస్తుడు.

"అమ్మా, మీ బాధ నాకర్థమైందండి. కానీ ఇక్కడ వేసినవాళ్లు ప్రముఖులు."

"ప్రముఖులంటే?"

"అంటే, పదిమందికీ తెలిసినవాళ్లండి."

"ఊర్లెకు పోయి అడుగు సారూ. ఈ నలుగురిల ఎవలన్న తెలుసా, మా నానమ్మ తెలుసా అని."

ఆయన గొంతు సవరించుకున్నారు. "పోనీ ఫోటో ఉందా అండి? పుట్టిన తేదీ సర్టిఫికెట్ లాంటిదేమైనా?"

"ఫోటో లేదు. సర్టిఫికెట్టా? ఊరికి సర్టిఫికెటే ఆమె. ఎవలు ఎప్పుడు పుట్టిండ్రో ఆమెనడిగి చెప్పుకునేటోళ్లు."

"రికార్డు లేకుండా గోడ మీద వేస్తే రేపు మా పైవాళ్లు నన్నడుగుతారండి," అని చెప్పి ఆయన కారెక్కారు.

ఆ మధ్యాహ్నం రుక్కమ్మ గిన్నెలు తోముతూ నాతో ఒకటే మాట అంది. "బండలు పోయినయ్, చెలకలు పోయినయ్. ఆమె చేతుల పుట్టినోళ్లు గూడ ఒకొక్కలే పోతుండ్రు. నేను పోతే ఆ పేరు ఎత్తేటోళ్లు ఉండరు. ఆ జాగ ఖాళీగనే ఉంది గదా బిడ్డా."

గురువారం పొద్దున కంపెనీ గుర్తు వేయడానికి పెయింటర్ సుబ్బరాయుడు నిచ్చెనతో వచ్చేసరికి, ఆ ఖాళీ గడి ముందు రుక్కమ్మ పీట వేసుకుని కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతోంది. ఆమె పక్కన గోడ పొడుగునా ఊరి ముసలివాళ్లు పదకొండు మంది కూర్చున్నారు. అందరి చేతుల్లో ఆధార్ కార్డులు. పెయింటర్ ఫోన్ చేస్తే ఉదయ్ భాస్కర్ గారు పరుగున వచ్చారు.

"ఏంటండీ ఇదంతా?"

"రికార్డు అడిగినవ్ గదా, తెచ్చిండ్రు. సదువు," అంది రుక్కమ్మ, కత్తి ఆపకుండానే.

ఎనభై ఏళ్ల నర్సయ్య ముందుగా తన కార్డు చాపాడు. ఉదయ్ భాస్కర్ గారు చదివారు: జనవరి ఒకటి. నర్సయ్య చెల్లెలి కార్డు: జనవరి ఒకటి. ఆమె వియ్యపురాలిది: జనవరి ఒకటి. పదకొండు కార్డుల మీద ఏళ్లు మారాయి కానీ తేదీ మారలేదు. కార్డులు చేసిననాడు పుట్టిన తేదీ తెలియదన్న ప్రతి ఒక్కరికీ అక్కడి మనిషి జనవరి ఒకటి అని కంప్యూటర్లో కొట్టేశాడు. రుక్కమ్మదీ అదే.

"సూసినవా సారూ? సర్కారు కాయిదం మీద ఊరంత ఒక్కటే దినం పుట్టింది. ఒక్క దినంల ఇంతమందిని తీసిందంటే మా నానమ్మకు గోడ మీద పేరు కాదు, గుడి కట్టాలె."

ముసలివాళ్లు గొల్లున నవ్వారు. ఉదయ్ భాస్కర్ గారు నవ్వాపుకోలేక తల తిప్పుకున్నారు. రుక్కమ్మ మాత్రం నవ్వలేదు.

"గీ అబద్దాన్ని కాయిదమని నమ్ముతవ్. తుగ్యాని మూడో దినం అంటే నమ్మవ్. తుగ్యాని రాలేదా మరి? అడుగు పట్నంల."

"సారూ, జర పైలం," అన్నాడు నర్సయ్య. "ఎదురుకాళ్ల మనిషి. ఎక్కువ మాట్లాడితే తంతది."

ఉదయ్ భాస్కర్ గారు రుక్కమ్మ వైపు తిరిగారు. "ఒక పని చేద్దామండి. వంటగదిలో ఒక చిన్న బోర్డు పెట్టిస్తాను, మీ నానమ్మగారి పేరుతో."

"వంటింట్ల నేనున్న. అది చాలు. ఆమె గోడ మీదనే ఉండాలె, ఆ నలుగురి పక్కకు."

ఈ గొడవ విని హెడ్‌మిస్ట్రెస్ వాసంతి మేడమ్ బయటికి వచ్చారు. ఆవిడకు కంపెనీ బడికి ఇస్తానన్న కంప్యూటర్ల దిగులు. "ఇరవై ఇస్తామన్నారు రుక్కమ్మా. నీ పంతంతో అవి పోతే పిల్లల గతేంటి? వంట వేరేవాళ్లకి ఇవ్వమని పైనుంచి చెప్తే నేనేం చెయ్యగలను, చెప్పు?"

"ఇచ్చెయ్ మేడమ్. ఈ పొయ్యి కాకుంటే ఇంకో పొయ్యి. నాకు ఫికర్ లేదు. పేరు రాయకుంట మాత్రం ఈడికెల్లి లేవ."

మేడమ్, ఉదయ్ భాస్కర్ గారు మాట్లాడుకోవడానికి ఆఫీసు గదిలోకి వెళ్లారు. సుబ్బరాయుడు నిచ్చెన గోడకు ఆనించి రంగు డబ్బా, కుంచె నేల మీద పెట్టాడు.

"నా చేత్తో మాత్రం ఇవ్వనమ్మా, కాంట్రాక్టు పోద్ది. నేను టీకి వెళ్తన్నా. ఓ అరగంట రానండి."

అతను గేటు దాటేలోపే రుక్కమ్మ లేచింది. ఉల్లి వాసన వేస్తున్న చేతులు కొంగుకు తుడుచుకుని కుంచె అందుకుంది. అక్షరాలు చెప్పనా అని అడిగాను. వద్దంది. ఒక్కో అక్షరానికీ వెనక్కి జరిగి చూసుకుంటూ రాసింది:

"మంత్రసాని సత్తెమ్మ. తుగ్యాని ఒచ్చిన మూడో దినం పుట్టింది. ఊరినంత ఈమెనే తీసింది."

శనివారం ప్రారంభోత్సవం. పెద్దవాళ్లు రాకముందే ఆ గడి మీద ఒక ఫ్లెక్సీ కట్టారు. రుక్కమ్మ అతిథులకు బగారా అన్నం వండి వడ్డించింది. వాళ్ల కార్లు గేటు దాటగానే పీట వేసుకుని ఎక్కి ఫ్లెక్సీ తాళ్లు కోసేసింది. దాన్ని తీసుకెళ్లి వంటకట్టెలు తడవకుండా కప్పింది.

సోమవారం ఉదయ్ భాస్కర్ గారు నాకు ఫోన్ చేశారు. పైవాళ్లతో మాట్లాడి ఒప్పించారట. పేరు ఉంచుకోవచ్చు. కాకపోతే అక్షరాలు వంకరగా ఉన్నాయి, "ఒచ్చిన" లాంటి మాటలున్నాయి. మిగతా నలుగురికి రాసినట్టే నేను తిరగరాయాలి. కింద కంపెనీ గుర్తు, చిన్నదే, పెట్టాలి.

ఆ మాట రుక్కమ్మకు చెప్పాను. పప్పు ఎనుపుతోంది. చెయ్యి ఆపలేదు.

"ఆ నలుగురివి నువ్వు రాసినవ్, మంచిగ రాసినవ్. మా నానమ్మది నేను రాసిన. గుర్తు చిన్నది గూడ వద్దు. వాండ్లకు నచ్చకుంటే ఇంకో దిక్కు గోడ కట్టుకొమ్మను."

నేను ఫోన్ చేసి ఆ మాటలు ఆమె అన్నట్టే చెప్పాను. ఒక్కటీ మార్చలేదు. ఆయన "సరేనండి" అన్నారు.

గోడ అలాగే ఉంది. వంట కూడా ఇంకా రుక్కమ్మదే. కంప్యూటర్లు మాత్రం ఇరవై కాదు, పన్నెండే వచ్చాయి. అవి రుక్కమ్మ వల్లే తగ్గాయని వాసంతి మేడమ్ ఇప్పటికీ వచ్చినవాళ్లందరితో అంటారు.

"ఔ, నా వల్లనే," అంటుంది రుక్కమ్మ, వంటగదిలోంచి గట్టిగా వినబడేలా.