పదిహేడో మెర్లా కుడి మడ్‌గార్డు

మెర్లా కారు గురించి పుస్తకాల్లో రాసేదంతా నాకు కంఠతా వచ్చు. ట్యూరిన్‌లో మా బాల్బిస్ షెడ్డులో 1962 నుంచి 66 దాకా తయారైనవి ఇరవై మూడు. రెండు సీట్లు, పదహారు వందల సీసీ ఇంజిను, నూట పదిహేను గుర్రాల బలం, బరువు ఏడు వందల అరవై కిలోలు, వేగం గంటకు నూట తొంభై కిలోమీటర్లు. ఒళ్లంతా అల్యూమినియం రేకు. ఆ రేకు ఎవరు కొట్టారో మాత్రం ఎక్కడా ఉండదు. సీట్లు కుట్టింది నేనని కూడా ఉండదనుకోండి, అది వేరే సంగతి.

కొట్టింది గారీల్యో అన్నదమ్ములు. అన్న ఫిర్మీనోది ఎడమ పక్క, తమ్ముడు సెకోందోది కుడి పక్క. సుత్తితో కొట్టడం, కళ్లు మూసుకుని అరచేత్తో తడిమి చూడటం, మళ్లీ కొట్టడం. చేతులు వేరు కాబట్టి ఇద్దరూ కలిసి కొట్టిన ఏ మెర్లాకీ రెండు పక్కలూ ఒకేలా రాలేదు. పని ముగిశాక లోపలి అంచున సూదిమొనతో గుర్తు గీసేవాళ్లు. అన్నది ఒక గీత, తమ్ముడిది రెండు. పైన తారు పూసేస్తే ఇక ఎవరికీ కనపడదు.

అరవై నాలుగు ఫిబ్రవరిలో ఊపిరితిత్తులు చెడి ఫిర్మీనో పోయాడు. ముప్ఫై ఒక్కేళ్లు. ఆ తర్వాత రెండు పక్కలూ సెకోందోనే కొట్టాడు. పెళ్లి చేసుకోలేదు. నలభై దాటకముందే సుత్తి మోతకు చెవులు పోయాయి. ఆదివారం మా ఇంట్లో తిని, నా వంటకు వంక పెట్టి, అన్న గురించి మాట్లాడి వెళ్లేవాడు. ఫిర్మీనోకు సరైన ఫొటో కూడా లేదు. ఆయన చెయ్యి పడిన కార్లు కొన్ని గుద్దుకుని, కొన్ని తుక్కుకింద పోయి, చివరికి మిగిలింది పదిహేడో నంబరు ఒక్కటే.

రెండేళ్ల కిందట అది మా ఊరు తిరిగొచ్చింది. పాత కార్లు బాగుచేసే వాల్ఫ్రే అనే అతను సెకోందోను పిలిపించాడు. అప్పటికి సెకోందోకు డెబ్భై ఆరు. చెవిలో అరిచి చెప్పడానికి నేనూ వెళ్లాను.

"మిషనుతో కొలిచాం మాస్టారూ," అన్నాడు వాల్ఫ్రే. "ఎడమ మడ్‌గార్డు కుడిదానికన్నా తొమ్మిది మిల్లీమీటర్లు ఎత్తుంది. పాత కార్ల పోటీలో మార్కులు పోతాయి. ఎడమది కోసేసి కొత్తది వెయ్యాలి."

నేను అరిచి చెప్పాను. సెకోందో మొహం ఎర్రబడింది.

"అది మా అన్నదిరా. దాని జోలికెళ్తే నీ చేతులు విరగ్గొడతా."

"మరి ఏదో ఒకటి సరిచెయ్యాలి కదా?"

"కుడిది కోసెయ్. అది నాదే. ఆయనదానికి సరిపోయేట్టు కొత్తది నేనే కొడతా." నావైపు తిరిగాడు. "అన్న చెయ్యి ఎప్పుడూ తప్పలేదు డెల్ఫీనా. తప్పిందంటే నాదే అయ్యుంటుంది."

పదకొండు వారాలు పట్టింది. అరచేతులు మొద్దుబారిపోయాయి కాబట్టి రేకుకు చెంప ఆనించి చూసుకునేవాడు. చివరికి మిషను పెడితే ఒక్క మిల్లీమీటరు తేడా రాలేదు. ఆ రోజు బార్బెరా వైను సీసా పట్టుకొచ్చాడు. అతను నవ్వడం చూసి ఎన్నేళ్లయిందో.

"పాతది తుక్కులో వేసేయమంటారా?" అని అడిగాడు వాల్ఫ్రే.

"నాదేగా. పారెయ్."

గుర్తుగా ఉంటుందని, ఆ రెండు గీతలున్న ముక్క కోయించి సెకోందోకు ఇద్దామనుకున్నాను. కిరసనాయిలు గుడ్డతో అంచున తారు తుడిచాను. ఒక గీత బయటపడింది.

అప్పుడు గుర్తొచ్చింది. జనవరి చివరి మూడు రోజుల చలిని మా ముసలమ్మలు మెర్లా పిట్ట రోజులంటారు. అరవై నాలుగులో ఆ చలిలో ఫిర్మీనో దగ్గుతూ, పెద్ద తలుపు పక్కన ఎడమవైపు పని చేస్తున్నాడు. కుడివైపు పొయ్యి దగ్గర కూర్చుని కుడుతున్న నేనే అన్నాను, "ఇటు రావయ్యా, తమ్ముణ్ణి అటు పంపు" అని. ఆ పదిహేడో కారు ఒక్కదానికే పక్కలు మారారు. తర్వాత ఫిర్మీనో షెడ్డుకు రానేలేదు. సెకోందో ఇప్పుడు కాపాడుకున్నది తన పని. కోయించింది అన్న కొట్టిన రేకు.

దాచేద్దామనుకున్నాను. ఈలోపే వచ్చి రేకు లాక్కున్నాడు. వెలుతురులో పెట్టి చూశాడు. బొటనవేలితో రుద్దాడు.

"రెండో గీత తారు కింద ఉండిపోయింది," అన్నాడు. "ఇంకాస్త గీకు."

గీకాను. అతను పక్కనే నిలబడి చూస్తుంటే, అంచు ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లబడేవరకూ గీకాను.