ఎనిమిదో మాల

దయ్యాలనీ గాలి సోకిందనీ ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయే మనిషిని. దేవుణ్ణి నమ్ముకున్నాక ఇంకొకటి నమ్మే అవసరం నాకు రాలేదు. అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరితోనూ పెద్దగా చెప్పలేదు.

అప్పట్లో మా కాపురం ఆదోనిలో. పుట్టిల్లు ఎమ్మిగనూరు. బండి కట్టుకుని పొద్దున బయల్దేరితే సాయంత్రానికి చేరేవాళ్ళం. అలాంటి ఊళ్ళో పుట్టిన నా తమ్ముడు రంగన్న విమానాల్లోకి బియ్యం మూటలు ఎక్కించే పనికి తూర్పు కొండల్లోకి పోయాడు. అక్కడ ఒక చిన్న విమానాల మైదానం నుంచి కొండల అవతల ఉన్న ఇంకో మైదానానికి సరుకు చేరవేస్తారు.

సెలవుకు వచ్చినప్పుడు, ఆ రెండింటికీ దూరమెంతని అడిగాను.

"నూరు మైళ్ళక్కా. నలభై నిమిషాలు. నువ్వు ఎనిమిది మాలలు తిప్పేలోపల విమానం ఆడ దిగిపోతాది" అని నవ్వాడు.

నూట ఎనిమిది పూసల తులసిమాల ఒకసారి తిప్పితే నాకు అయిదు నిమిషాలు. పాలు కాచినా పప్పు ఉడికినా నా లెక్క అదే.

ఆ వానాకాలంలో వాడి ఉత్తరం వచ్చింది. ఆదివారం పొద్దున ఎనిమిదికి మూటలతో పాటు తననూ మొదటిసారి విమానంలో పంపుతున్నారట. పోయిన నెల అదే దారిలో వెళ్ళిన విమానం తిరిగి రాలేదని కూడా ఆ పిచ్చివాడు రాశాడు.

ఆదివారం మా ఆయన చేతి గడియారం చూసి ఎనిమిదైందని చెప్పగానే దేవుడి ముందు కూర్చున్నాను. కంగారులో లెక్క తప్పుతుందేమోనని, మా అత్త చింతపండులోంచి తీస్తున్న గింజలు ఎనిమిది తెచ్చుకున్నాను. మాల ముగిసినప్పుడల్లా ఒకటి ఇత్తడి గిన్నెలో వేశాను.

ఏడు గింజలు పడ్డాయి. ఎనిమిదో మాల ముగియలేదు.

కొంగు కింద పూస తర్వాత పూస వస్తోంది, చివరనుండే మేరుపూస మాత్రం వేలికి తగలడం లేదు. మాలను బయటికి తీసి చూడకూడదు, మేరుపూస అందకుండా లేవకూడదు. మా తాత మగ్గం పక్కన కూర్చోబెట్టి అక్షరాలతో పాటు నేర్పిన నియమం అది. లేవనని గట్టిగా అనుకున్నాను. కాళ్ళు మొద్దుబారాయి, నాలుక ఎండిపోయింది.

"ఏమ్మే, విమానం తోలేది వాళ్ళా, నువ్వా? చారు అడుగంటింది" అని మా అత్త వంటింట్లోంచి రెండుసార్లు కేకేసింది. మూడోసారి ఇక పిలవలేదు. వచ్చి నా పక్కన కూర్చుంది.

మేరుపూస వేలికి తగిలింది. ఎనిమిదో గింజ గిన్నెలో వేశాను. టైమెంతని అడిగితే పదికి పది నిమిషాలు తక్కువని ఆయన చెప్పారు. అప్పటికప్పుడు పూసలు మూడుసార్లు లెక్కపెట్టాను. నూట ఎనిమిదే.

పది రోజులకు రంగన్న ఉత్తరం వచ్చింది. మబ్బుల్లో మైదానం కనపడక తిరిగి తిరిగి, పదికి పది నిమిషాలు తక్కువకు దిగారట. కింద ఇలా రాశాడు: "అక్కా, చక్రాలు నేలకు తగిలే ముందు, అంత మోతలోనూ నా చెవి పక్కనే ఇత్తడి గిన్నెలో చింతగింజ పడిన చప్పుడు వినపడింది. ఈ మాట ఇక్కడ ఎవరికీ చెప్పలేదు."

నేను గింజలతో లెక్కపెట్టింది ఆ ఒక్క రోజే. ఆ సంగతి వాడికి రాయలేదు. ఎలా జరిగిందో ఈనాటికీ నాకు తెలియదు. తమ్ముడు దిగాడు, అది తెలుసు. అందుకని రోజూ ఒక మాల ఎక్కువ తిప్పుతున్నాను.