ఎరుకమ్మ వదిలేసి వచ్చిన మహానుభావులు

పోర్ట్ బ్లెయిర్‌కు కొంత దూరంలో చౌల్దారీ ఊరికి దిగువన, ఉప్పుటేటి ఒడ్డు పల్లంలో చిన్న తెలుగు బడి ఒకటి ఉండేది. దానికి ఆయా ఎరుకమ్మ. పొద్దున్నే తాళం తీసి, చీపురు పట్టడానికి ముందే ఆమె తడిగుడ్డ తీసుకుని హాల్లోకి వెళ్ళేది. అక్కడ గోడకు వరసగా ఏడు ఫొటోలుండేవి. ఒక్కొక్కరి మొహం తుడుస్తూ, పక్కింటివాళ్ళను పలకరించినట్టు పలకరించేది.

ఎరుకమ్మ భీమిలి దగ్గర పుట్టింది. పెళ్ళయ్యాక భర్త లక్ష్ముడితో ఓడెక్కి ఈ దీవులకొచ్చింది. లక్ష్ముడు సముద్రంలో చేపల వేటకు వెళ్ళేవాడు. అతను కామెర్లతో పోయేనాటికి కూతురు కనకదుర్గకు పదేళ్ళు. హెడ్మాస్టరు మోహన్‌కృష్ణ జాలిపడి ఎరుకమ్మను బడిలో పనికి పెట్టించారు. ఎరుకమ్మకు అక్షరం రాదు కానీ చెవులు చురుకైనవి. వరండా ఊడుస్తూ, గిన్నెలు తోముతూ, లోపల మాస్టారు చెప్పే పాఠాలన్నీ వినేది. గాంధీగారు, నేతాజీ, అల్లూరి సీతారామరాజు, ఆడపిల్లలకు బడి పెట్టిన కందుకూరి వీరేశలింగం పంతులు. విన్నదంతా మధ్యాహ్నం అన్నాలు వడ్డిస్తూ పిల్లలకు తన యాసలో మళ్ళీ చెప్పేది. సీతారామరాజు వెంట తిరిగినవాళ్ళలో కొందరిని ఓడలో ఇక్కడికే తెచ్చి జైల్లో వేశారని తెలిసిన రోజున ఆమె అన్నం తినలేదు. "మనం కడుపు కోసం ఓడెక్కినాం. ఆళ్ళని సంకెళ్ళేసి ఎక్కించినారు" అని పిల్లల ముందే కళ్ళు తుడుచుకుంది.

సుచరిత అనే కొత్త టీచరు పోర్ట్ బ్లెయిర్ నుంచి వచ్చిన ఏడాది ఒక సంగతి బయటపడింది. ఎరుకమ్మ ఆడపిల్లలను తలపాగా ఉన్న ఒక ఫొటో ముందు నిలబెట్టి, "ఈ బాబు లేకపోతే మీరు ఇయాళ పలక పట్టీవోలు కాదు, దణ్ణం ఎట్టండి" అంటోంది. సుచరిత కాసేపు విని మెల్లగా దగ్గరకొచ్చింది.

"అమ్మా, ఈయన వీరేశలింగంగారు కాదు. బడికి స్థలమిచ్చిన కాంట్రాక్టరుగారు. పంతులుగారు ఆ చివరన ఉన్నారు."

ఎరుకమ్మ రెండు ఫొటోలనూ మార్చి మార్చి చూసింది. వెల్లవేసినప్పుడు ఫొటోలు దింపి మళ్ళీ తగిలించింది తనే. ఇద్దరికీ తలపాగాలు, ఇద్దరికీ మీసాలు. పదకొండేళ్ళుగా కాంట్రాక్టరుకు దణ్ణాలు పెట్టిస్తోంది.

"పిల్లలందరికీ అబద్ధం సెప్పీసినాను కదమ్మా!"

"కథలో తప్పు లేదు. మొహం ఒక్కటే తప్పింది" అని సుచరిత నవ్వింది. ఎరుకమ్మ మాత్రం నవ్వలేదు. ఆ సాయంత్రం నుంచే ఫొటోల కింద రాసిన పేర్లు నేర్పమని పట్టుపట్టింది. నాలుగు నెలలు పట్టింది ఆమెకు ఆ ఏడు పేర్లు చదవడానికి. అంతకు మించి నేర్చుకోలేదు, అడిగితే "సాల్లెండి" అనేది.

రెండువేల నాలుగు డిసెంబరు ఇరవయ్యారు, ఆదివారం. బడికి సెలవులు. మోహన్‌కృష్ణ మాస్టారు విశాఖపట్నం వెళ్ళారు. పొద్దున్న ఆరున్నర దాటుతుండగా భూమి ఊగింది. ఎరుకమ్మ ఇంట్లో గిన్నెలు దొర్లాయి, పొయ్యి మీది టీ ఒలికిపోయింది. అందరూ బయటకు వచ్చి నిలబడి, ఊగడం ఆగాక ఎవరి పనుల్లో వాళ్ళు పడబోతుండగా, ఏటివైపు నుంచి పడవ యజమాని దానయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"పానీ ఆ రహా హై! భాగో! నీళ్ళొచ్చేత్తన్నాయి, గుట్టెక్కండి, గుట్టెక్కండి!"

ఏరు వెనక్కి పారుతున్నట్టు సముద్రం లోపలికి వచ్చింది. గుట్ట మీద నుంచి చూస్తుండగానే వరిచేలు, కొబ్బరిచెట్ల మొదళ్ళు, ఇళ్ళ గడపలు మునిగిపోయాయి. కొంతసేపటికి నీళ్ళు వచ్చిన దారినే తీశాయి. కింద బురదలో బడి కప్పు, గోడలు కనిపించాయి. తాళంచెవి ఎరుకమ్మ మొలలోనే ఉంది.

ఆమె దిగడం మొదలుపెట్టింది. దానయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"ఏటప్పా, పిచ్చేటి నీకు? మల్లీ వస్తాది!"

"వొచ్చీలోపు వొచ్చెత్తాను, ఒగ్గు."

నిజానికి ఆమె ఫొటోల కోసమే దిగింది. హాల్లో మోకాలిలోతు బురద. అయిదు ఫొటోలు కింద పడి అద్దాలు పగిలాయి. సీతారామరాజు, వీరేశలింగం మాత్రం గోడకే ఉన్నారు. ఆమె సీతారామరాజును దించి చంకలో పెట్టుకుని రెండో ఫొటోకు చెయ్యి చాచింది. అప్పుడు ఆఫీసు గదిలో, నీళ్ళ దెబ్బకు తలుపు తెరుచుకున్న ఇనప బీరువా కనిపించింది. పై అరలో ఎర్రగుడ్డ అట్ట ఉన్న అడ్మిషన్ రిజిస్టరు. బడి మొదలైననాటి నుంచి చేరిన ప్రతి పిల్లా, పిల్లాడూ, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఊరు అందులో ఉంటాయని ఆమెకు తెలుసు. కాగితం పోగొట్టుకున్నవాళ్ళు మాస్టారి దగ్గరకొచ్చి అందులోంచే రాయించుకుపోవడం ఎన్నోసార్లు చూసింది. కింద ఊళ్ళో ఎన్ని ట్రంకుపెట్టెలు కొట్టుకుపోయాయో ఇప్పుడే కళ్ళారా చూసింది.

రిజిస్టరు పెద్దది, రెండు చేతులా పట్టుకుంటేగాని మోయలేదు.

చంకలోని ఫొటోను మళ్ళీ మేకుకే తగిలించి, "తండ్రీ, నానేటి సెయ్యను" అంది. రిజిస్టరును నెత్తిన పెట్టుకుని బయటకు వచ్చేసరికి దానయ్య అరుపులు వినిపించాయి. రెండోసారి వచ్చిన నీళ్ళు ఆమెను గుట్ట మొదట్లో నడుం దాకా పట్టాయి. కాళ్ళ కింద నేల జారిపోయింది. దానయ్య, ఇంకో ఇద్దరు వలతాడు విసిరి లాగారు. తాడును మోచేతికి చుట్టుకుందే తప్ప నెత్తి మీది చేతులు దించలేదు.

గుట్ట మీద టెంట్లు వేశారు, తరవాత రేకుల షెడ్లు వచ్చాయి. నీళ్ళు పూర్తిగా తీయలేదు. నేల కుంగిందో ఏమో, రోజూ పోటుకు సముద్రం బడి హాల్లోకి వచ్చి వెళ్ళేది. వారంలో ఆ గోడలు కూలాయి. ఎరుకమ్మ రిజిస్టరు పేజీల మధ్య పాత హిందీ పేపరు ముక్కలు పెట్టి పది రోజులు ఎండలో ఆరబెట్టింది. అంచులు ఉబ్బాయి కానీ సిరా చెదరలేదు. సాయానికి పేర్లు రాసుకోవడానికి వచ్చిన సర్కారు ఉద్యోగి రేషన్ కార్డు, దీవివాసులకిచ్చే ఐలాండర్ కార్డు ఉన్నాయా అని అడిగితే ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఈ దీవులవాళ్ళమని చెప్పుకోవడానికి కట్టుబట్టలు తప్ప మిగల్లేదు. అప్పుడు ఎరుకమ్మ రిజిస్టరు తెచ్చి అతని ముందు పెట్టింది. సుచరిత పేజీలు తిప్పుతూ పేర్లు చదివింది. పిల్లలవే కాదు, ఒకప్పుడు అదే బడిలో చదివిన వాళ్ళ అమ్మానాన్నల పేర్లూ దొరికాయి. ఉద్యోగి వాటినే ఆధారంగా రాసుకున్నాడు. విశాఖ నుంచి తిరిగొచ్చిన మోహన్‌కృష్ణ మాస్టారు ఆ రిజిస్టరు చూసి కింద కూలబడి ఏడ్చారు.

"ఏడవకండి పంతులుగోరూ. మీ మహానుభావుల్ని దిక్కులేనోలల్లే నీళ్ళల్లో ఒగ్గీసొచ్చినాను. నన్ను తిట్టండి" అంది ఎరుకమ్మ.

షెడ్లలో భానుశ్రీ అనే తొమ్మిదేళ్ళ పిల్ల ఉండేది. ఆదివారం తెల్లారుజామున వేటకు వెళ్ళిన ఆమె తండ్రి తిరిగి రాలేదు. పిల్ల మూడు వారాలు ఎవరితోనూ మాట్లాడలేదు. ఎరుకమ్మ రోజూ పిల్లలను కూర్చోబెట్టి పాత కథలే చెప్పేది. ఒకనాడు సీతారామరాజును చెట్టుకు కట్టిన ఘట్టం దగ్గర భానుశ్రీ నోరు విప్పింది.

"ఆయనకు డర్ వెయ్యలేదా?"

మాస్టారి పాఠంలో ఆయన భయం సంగతి లేదు.

"నాకు తెల్దు తల్లీ. నాకు మాత్రం ఏసింది. నీళ్ళు నడుం కాడికొచ్చినపుడు కాళ్ళు గజగజ వొణికినాయి."

"మరి మా నాన్నకు?"

"ఏసే ఉంటాది. బయిపడితే తప్పేటి కాదమ్మా."

భానుశ్రీ ఆమె ఒళ్ళో పడి ఏడ్చింది. తండ్రి పోయాక ఆ పిల్ల ఏడవడం అదే మొదలు. ఎరుకమ్మ ఆ రోజు కథ పూర్తి చేయలేదు.

ఐదేళ్ళకు గుట్ట మీదే కొత్త బడి కట్టారు. గోడకు కొత్త ఫొటోలు వచ్చాయి. చివరన ఎరుకమ్మ ఫొటో కూడా పెడదామని సుచరిత అంది, మాస్టారు సరేనన్నారు. ఎరుకమ్మ ఇంతెత్తున లేచింది.

"నాను బతికే ఉన్నాను కదేటి! రోజూ నా మొకం నానే తుడుసుకోవాలా?"

అందరూ నవ్వారు. ఆమె మాట నెగ్గింది.

పని మానేశాక ఆమె పోర్ట్ బ్లెయిర్‌లో డైరీ ఫార్మ్ అనే పేటలో ఉన్న కూతురు కనకదుర్గ ఇంటికి చేరింది. మోకాళ్ళు సహకరించవు, చూపు మందగించింది. నర్సు ఉద్యోగం చేస్తున్న భానుశ్రీ సెలవు దొరికినప్పుడు బస్సెక్కి వస్తుంది. సముద్రపు ఉప్పు విడిచిన చేలో వాళ్ళమ్మ పండించిన బీరకాయలో, వంకాయలో తెస్తుంది. తెలుగు కూడబలుక్కుని చదివే ఆ పిల్ల మొన్నొకసారి లైబ్రరీ నుంచి సావిత్రీబాయి ఫూలే జీవితం తెచ్చింది. పుణేలో ఆడపిల్లలకు చదువు చెప్పడానికి వెళ్తుంటే జనం బురద, పేడ విసిరేవాళ్ళట. ఆవిడ సంచిలో ఇంకో చీర పెట్టుకుని వెళ్ళి, బడిలో మార్చుకుని పాఠం చెప్పేదట.

ఎరుకమ్మ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని వింది.

"ఎప్పుడి మాట ఇది?"

"నూటడెబ్భై ఏళ్ళు దాటింది, అమ్మమ్మా."

"ఇన్నాళ్ళూ ఈ తల్లి గురించి నాకెవులూ సెప్పలేదు సూడు." కళ్ళు తెరిచి, "ఆ సీర కాడి నుంచి మల్లీ సదువు" అంది.

భానుశ్రీ పేజీ వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టింది. మర్నాడు సాయంత్రానికి ఆ సందులోని పిల్లలందరికీ, సగం తెలుగులో సగం హిందీలో, ఆ కథ తెలిసిపోయింది.