ఎవరెవరి పేరునో తీసిన వికెట్లు

నన్నెరిగినవాళ్లు ఎలాగూ నమ్మరు గానీ, మా అమ్మ మీద ఒట్టేసి రాస్తున్నా, ఇందులో ప్రతి అక్షరం నిజం.

జగ్గయ్యపేటలో నందిగామ బస్సెక్కా. పక్క సీటాయన సంచి పైన పెట్టబోతే కుడిచెయ్యి భుజం దాటి లేవలేదు. నేనే పెట్టి, "ఏమైందండీ?" అన్నా.

"ఇరవై ఏళ్లు బౌలింగ్ వేసిన చెయ్యండీ. క్రిస్మస్ టోర్నమెంట్లకి ఏ ఊరు కిరాయికి పిలిస్తే ఆ ఊరికి వేసేవాణ్ణి. ఇప్పుడు నందిగామలో ఓ స్కూల్లో ఆటల మాస్టారు పోస్టుంటే వెళ్తున్నా."

ఒళ్లో ఫైలు తెరిచాడు. అన్నీ ఉత్తమ బౌలర్ సర్టిఫికెట్లే. ఒకదాని మీద సురేష్, ఇంకోదాని మీద ఏసుబాబు, మరోదాని మీద నాగరాజు.

"వీళ్లలో మీరెవరండీ?"

"అందరూ నేనే. పక్క ఊరివాణ్ణి ఆడించకూడదని రూలు కదా, ఆ ఊళ్లో ఎవడిదో ఆధార్ కార్డు చూపించి దింపేవాళ్లు. చందర్లపాడులో ఏడు వికెట్లు తీశా. పేరు ఏసుబాబుది. వాడికా రోజు జ్వరం, ఇంట్లో పడుకున్నాడు."

నా నోరు ఊరుకోదుగా. "అయితే ఉద్యోగం కూడా ఏసుబాబుకే ఇస్తారేమోనండీ!" అన్నా.

ఆయన ఏసుబాబు పేరున్న సర్టిఫికెట్ పైకి తీశాడు.

"నిరుడే ఇచ్చారండీ, వీరులపాడు దగ్గర. ఈ కాగితం జెరాక్స్ పెట్టాడు."

నందిగామలో దిగబోతుంటే ఆపి, "మీ అసలు పేరేంటండీ?" అని అడిగా. ఇంటిపేరుతో సహా చెప్పాడు.

ఒట్టేశాను కాబట్టి ఒప్పుకుంటున్నా. ఈ చివరి ముక్క కల్పించా. ఆ జోకేశాక మొహం చెల్లక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నా. ఆయన పేరు నేనూ అడగలేదు.