సిస్టమ్ పద్నాలుగు కోసం శామీర్‌పేటకు

కాజీపేట నుంచి శామీర్‌పేట పోవాలనుకునే వాళ్లకు ముందే ఒక మాట చెబుతాను. సికింద్రాబాద్‌లో దిగి నేరుగా బస్సెక్కండి. మేడ్చల్ మీదుగా మాత్రం పోకండి. నేను పోయాను. అదీ నా సొంత ప్రోగ్రాం మాట నమ్మి పోయాను.

ఆ ప్రోగ్రాం పేరు బస్సు పలక. ఊళ్ల మధ్య తిరిగే బస్సులు ఎక్కడ ఎన్ని గంటలకు వస్తాయో ఫోన్‌లో తెలుగులో చూపిస్తుంది. ఆరేళ్ల కింద, ఆఫీసు పని అయ్యాక మిగిలిన వేళల్లో మొదలుపెట్టాను. ఇప్పుడు ఎక్కడెక్కడి విద్యార్థులో, ఉద్యోగులో రూపాయి తీసుకోకుండా దానికి సవరణలు పంపుతుంటారు. నేను చదివి సరేనంటేనే అవి అందులో చేరతాయి.

ఇలాంటి పనులు చేసేవాళ్లకు శామీర్‌పేట దగ్గరి ఒక ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు సన్మానం పెట్టుకుని నన్నూ పిలిచారు. శాలువా అంటే నాకు ఒళ్లు మంట. అయినా ఒప్పుకున్నది ఒక మనిషి కోసం. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల బస్సుల వేళలన్నీ సరిచేసి ఆ కాలేజీ నుంచే పంపిన మనిషి. అరవై ఒక్క సవరణలు, ఒక్కదాంట్లోనూ తప్పు లేదు. పేరు ఉండాల్సిన చోట మాత్రం 'ల్యాబ్ సిస్టమ్ 14' అని ఉంటుంది. కాలేజీ కంప్యూటర్ మీద పనిచేస్తూ అందులో తమ పేరు పెట్టుకోవడం మరచిపోతే ఇంతే. కష్టం మనిషిది, పేరు కంప్యూటర్‌ది.

సన్మానంతో పాటు ఐదుగురు విద్యార్థులకు ఒక కంపెనీలో ఆరు నెలల శిక్షణ, జీతంతో సహా. సిస్టమ్ పద్నాలుగుకు అందులో చోటు దక్కింది కానీ మనిషే దొరకలేదు. "మీరెవరు? మీ పేరు రాయండి" అని బస్సు పలక మొదటి పేజీలోనే మూడు వారాలు నోటీసు పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. సరే, నేనే పోయి వెతుకుతానని పొద్దున ఐదున్నర బండెక్కాను.

బండి ఎనిమిదింటికి ఐదు నిమిషాల ముందు సికింద్రాబాద్ చేరింది. ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ తిన్నాను. చట్నీలో నీళ్లే ఎక్కువ. ఎనిమిదింపావుకు మేడ్చల్ లోకల్. సీటు దొరికింది, అదొక్కటే ఆనాటి అదృష్టం. అల్వాల్ దాకా జనం దిగుతూనే ఉన్నారు. గుండ్లపోచంపల్లి దగ్గర కిటికీలోంచి చూస్తే ఒక గోదాం, దాని పక్కన ఇంకో గోదాం, వాటి వెనక కట్టీ కట్టని అపార్ట్‌మెంట్లు. ఎదుటి సీటాయన, మేడ్చల్‌లో ఏదో ఫ్యాక్టరీలో పనట, నేను ఎక్కడికి పోతున్నానో తెలుసుకుని అడిగాడు. "శామీర్‌పేటకు గిట్లెందుకు వస్తున్నరు మేడం? సికింద్రాబాద్‌ల బస్సెక్కి గటే పోతే అయిపోవు కద?"

"మేడ్చల్‌లో తొమ్మిది నలభైకి బస్సుంది" అన్నాను గర్వంగా.

"ఉందా!" అని ఆశ్చర్యపోయాడు. నేనప్పుడే అనుమానించాల్సింది.

తొమ్మిదిన్నరకు మేడ్చల్ స్టాపులో నిలబడ్డాను. తొమ్మిది నలభై అయింది, పది అయింది. ఎండ నెత్తికెక్కింది. లారీలు పోతున్నాయి, కార్లు పోతున్నాయి, బస్సు లేదు. నిమిషానికోసారి ఫోన్ తీసి చూస్తున్నాను. 'తొమ్మిది నలభై' అని నేను రాసిన ప్రోగ్రామే నాకు నిబ్బరంగా అబద్ధం చెబుతోంది. డిపో వాళ్లను తిట్టుకున్నాను. డ్రైవర్లను తిట్టుకున్నాను. పక్కనే ఖాళీ గంప బోర్లించుకుని కూర్చున్న పెద్దమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. శామీర్‌పేట చెరువు చేపలు మేడ్చల్‌లో అమ్ముకుని తిరిగిపోతోందట.

"ఏంది చెల్లె, గంటసేపట్నుంచి గా ఫోన్ల చూస్తున్నవ్?"

"తొమ్మిది నలభై బస్సు కోసమమ్మా."

"గది బందయ్యి మస్తు దినాలాయె. ఫోన్ల జూస్తే బస్సొస్తదా? అడగాలె గని!"

ఆమే ఒక ఆటోను ఆపింది. ముగ్గురు పట్టే సీట్లో ఐదుగురం. గంప నా మోకాళ్ల మీదికి వచ్చింది. మనిషికి నలభై. నా చీరకు చేపల వాసన పట్టింది. శాలువా కింద ఎవరికీ తెలియదులే అని సర్దిచెప్పుకున్నాను.

పదకొండుకు కాలేజీ చేరాను. పదిన్నరకు మొదలవాల్సిన సభ, ముఖ్య అతిథి కొంపల్లి ట్రాఫిక్‌లో చిక్కుకున్నాడట, ఇంకా మొదలే కాలేదు. హాలు నిండా పిల్లలు. అభిమానంతో కాదు, రాకపోతే హాజరు వేయరని వచ్చినవాళ్లు. "మరికొద్ది క్షణాల్లో" అని మైకులో నాలుగుసార్లు అన్నారు. పన్నెండుంపావుకు ఆయన వచ్చాడు, ముప్పావు గంట మాట్లాడాడు, భోజనానికి ఆగకుండా పోయాడు.

తర్వాత సన్మానాలు. మొదటి బహుమతి పొందిన కుర్రాడికి ఒక్క సంవత్సరంలో రెండు వందల పన్నెండు సవరణలు. అబ్బో అనుకుని, ఏం చేశావు బాబూ అని అడిగాను. రకరకాల ప్రోగ్రాముల వివరాల పేజీల్లో వాక్యం చివర చుక్క లేనిచోట చుక్క పెట్టాడట. కొన్నిచోట్ల పెట్టిన చుక్క తీసేశాడట. "లెక్క పెరగాలె కద మేడం" అన్నాడు, దాపరికం లేకుండా. వాణ్ని ఏమని ఏం లాభం? ఎన్ని సవరణలో లెక్కపెట్టే ప్రోగ్రాం ఉంది కానీ ఏం సవరించారో చదివే మనిషి ఆ కాలేజీలో లేడు.

ఆ తర్వాత నిర్వాహకుడైన లెక్చరర్ గారు ఒక ప్రశంసాపత్రం తెచ్చి నా చేతిలో పెట్టారు. చదివి నా కళ్లను నేనే నమ్మలేదు. 'చిరంజీవి ల్యాబ్ సిస్టమ్ 14 గారికి' అని బంగారు రంగు అక్షరాల్లో అచ్చువేయించారు.

"లిస్టుల ఎట్లుంటే గట్ల ప్రింటయింది మేడం" అన్నారాయన.

"ఎవరో కనుక్కోలేకపోయారా?"

"అరవై మంది మార్చి మార్చి కూసునే సిస్టమ్. ఎవర్నని అడుగుతం?"

హాలు నవ్వింది. నాకు మండిపోయింది. ఆ పనేమిటో వీళ్లకు చూపించాలనిపించి నా ల్యాప్‌టాప్‌ను తెరకు కలిపి బస్సు పలక తెరిచాను. అరవై ఒక్క సవరణలూ వరుసగా వచ్చాయి. ప్రతిదాని కింద ఒకటే రకం మాట: 'రెండు దినాలు నిలబడి చూసిన.' ఒకదాని కింద 'కండక్టర్‌ను గూడ అడిగిన' అని ఉంది. చూడండి, పని అంటే ఇదీ అంటూ పైకి జరిపాను. అన్నిటికంటే పైన అరవై రెండోది కనిపించింది. దాని పక్కన ఎర్ర గుర్తు ఉంది.

'మేడ్చల్‌ల 9:40 శామీర్‌పేట బస్సు బంద్. రెండు దినాలు నిలబడి చూసిన. తీసెయ్యుండ్రి.' దాని కింద, చూడాల్సినవారు అన్నచోట నా పేరు. ఇంకా చూడలేదు, నాలుగు నెలలు.

గోడంత తెర మీద, నాలుగు వందల మంది ముందు. పొద్దున ఎండలో నిలబడి నేను తిట్టినవాళ్లంతా నిర్దోషులు. అప్పట్లో ఆఫీసులో పని ఎక్కువై, తర్వాత చూద్దామని పక్కన పెట్టాను. ఆ తర్వాత ఆ సంగతే మరిచాను. సిగ్గుతో ల్యాప్‌టాప్ మూయబోయాను.

వెనక వరుసలో ఒక అమ్మాయి లేచి నిలబడింది.

"మేడం, గది నేనే పెట్టిన. మీరు జూస్తలేరని ఇగ తెరుసుడే బంద్ జేసిన."

పేరు నస్రీన్. రెండో సంవత్సరం. వాళ్ల ఊరు శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే దారిలో ఉంది. ఇంట్లో కంప్యూటర్ లేదు, తిండి వేళలో ల్యాబ్‌కు పోయి చేసేదట. నా నోటీసు చూడలేదు. ఎట్లా చూస్తుంది? నేను పట్టించుకోనందుకే కదా తెరవడం మానేసింది.

"ఎవరైనా నేనే అంటరు. రుజువేంది?" అన్నారు లెక్చరర్ గారు. అమ్మాయి సంచిలోంచి నోట్‌బుక్ తీసి ఇచ్చింది. బస్సుకో పేజీ, పేజీకి రెండు తేదీలు. ఆయన నాలుగు పేజీలు తిప్పి ప్రశంసాపత్రం అందుకున్నారు. బంగారు అక్షరాలు కొట్టేసి పైన పెన్నుతో ఆమె పేరు రాశారు. ఆ మాత్రం మర్యాద చేశారు.

"మరి శిక్షణ?" అన్నాను.

"పేరు లేని మనిషికి చోటెట్ల ఆపుతం? నిన్ననే తర్వాత ఉన్నోళ్ల పేరు పంపినం" అన్నారు. నేను వదల్లేదు. నా ఎదుటే కంపెనీకి ఫోన్ చేయించాను. వాళ్లు కాదన్నారు. ఆ చోటు పోయింది. పోవడానికి కారణం లెక్చరర్ గారు కాదు, కంపెనీ కాదు, నేను. ఆ పిల్లకు ఆ మాటే చెప్పాను.

"నేను గూడ నా పేరు పెట్టుకోలే కద మేడం" అంది, పెన్నుతో రాసిన తన పేరు వైపే చూస్తూ.

చల్లారిన పులిహోర ఇద్దరం ల్యాబ్‌లో పద్నాలుగో కంప్యూటర్ ముందు కూర్చుని తిన్నాం. ముందు అందులో ఆమె పేరు పెట్టించాను. తర్వాత, ఆరేళ్లుగా ఎవరికీ ఇవ్వని అధికారం ఆమెకు ఇచ్చాను. ఇక మీదట మేడ్చల్, శామీర్‌పేట బస్సుల మీద ఏ సవరణ వచ్చినా నా కోసం ఆగనక్కర్లేదు. నస్రీన్ సరేనంటే చేరుతుంది, కాదంటే లేదు. శిక్షణకు ఇది సమానం కాదని నాకు తెలుసు. నా దగ్గర ఇవ్వడానికి ఉన్నది అదే. ఆమె చేసిన మొదటి పని తొమ్మిది నలభై బస్సును తీసేయడం.

ప్రాక్టికల్స్ ఉన్నాయని ఆమె వెళ్లిపోయింది. నేను మొండితనం కొద్దీ వచ్చిన దారినే బయల్దేరాను. శామీర్‌పేటలో నాలుగు ఇరవై ఐదుకు మేడ్చల్ బస్సు ఉన్నట్టు ఆమె సవరణల్లో ఉంది. బస్సు వచ్చింది, కానీ నాలుగు నలభైకి. కిటికీ పక్కన కూర్చుని ఫోన్ తీశాను. ఇంకెప్పుడూ ఆలస్యం చేయకూడదన్న పట్టుదలతో అక్కడికక్కడే సవరణ రాసి పంపాను: 'శామీర్‌పేట, మేడ్చల్ బస్సు 4:25 కాదు, 4:40.'

మేడ్చల్‌లో లోకల్ దొరికింది. గుండ్లపోచంపల్లి గోదాములు మళ్లీ వెనక్కి పోతున్నాయి. ఒడిలో శాలువా, చీరకు చేపల వాసన, ఒంట్లో ఓపిక లేదు. ఇంత దూరం వచ్చి సాధించిందేమిటని విసుగ్గా లెక్కవేసుకుంటుంటే ఫోన్ మోగింది. నేను పంపిన సవరణ వెనక్కి వచ్చింది. కింద ఆమె పేరు, నస్రీన్ అని, పూర్తిగా ఉంది. పైన రెండు ముక్కలు:

'చేర్చలే మేడం. ఒక్క దినం చూస్తే సాలదు. రేపు గూడ నిలబడుండ్రి.'