వానస్ అంటే సమాధి

సత్తెనపల్లి దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. విభక్తుల్లో నాకు తిరుగులేదని నా నమ్మకం. ఆ ధీమాతోనే, ఒకప్పుడు ఇప్పటి టర్కీ ప్రాంతంలో ఉండి, ఇప్పుడు ఎవరూ మాట్లాడని ప్రాచీన లిడియా భాషను ఫోన్లో చూసుకుంటూ నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఆ భాషలో మిగిలినవి చాలావరకు రాళ్ళ మీది రాతలే.

మొన్న వేసవిలో ఒక సెలవు రోజు మా అక్క కల్లానికి వెళ్ళాను. నేలంతా మిరపకాయలు ఆరబోశారు. నలుగురు ఆడకూలీలు రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. నేను రేకుల షెడ్డు నీడలో కూర్చుని ఒక మాట రూపాలు పైకే వల్లెవేస్తున్నాను.

"వానస్... వానల్... వానస్..."

అక్క చటుక్కున లేచింది. "వానొస్తందంట! పట్టాలు లాగండే!"

క్షణంలో కల్లమంతా పరుగులు. సగం కాయలు కప్పేశాక ఎవరో తలెత్తి చూశారు. ఆకాశంలో మబ్బు తునక లేదు.

"ఎక్కడే వాన?" అంది అక్క రొప్పుతూ.

"వాన కాదక్కా, వానస్. లిడియా భాషలో సమాధి అని. సమాధిలో అనాలంటే చివర స్ పోయి ల్ వస్తుంది. వానల్."

"మిట్టమధ్యాహ్నం సమాధుల చదువేందండీ టీచరుగారూ!" అని కూలీలు పడీపడీ నవ్వారు. అక్క నవ్వలేదు.

"మీ బావ సమాధి రాయి మీద మాట రాసిస్తానన్నావు. ఆయన పోయి ఏడాదైపాయె."

నిజమే. నన్ను బండి మీద ఎక్కించుకుని రోజూ గుంటూరులో టీచరు ట్రైనింగుకి తిప్పిన మనిషి ఆయన. ఆయన కోసం ఒక్క వాక్యం రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

అక్కడే కాగితం తీసి రాశాను. అక్కకు చదువు రాదు కాబట్టి చదివి వినిపించాను: ఆయన పేరు, "ఈ సమాధిలో నిద్రిస్తున్నారు" అని.

"'లో' తీసెయ్," అంది అక్క. "ఆయన అందులోనే ఉండిపోతాడా? ప్రభువు లేపుతాడు. ఇది ఆయన సమాధి అని రాయి, చాలు."

రెండూ వ్యాకరణం ప్రకారం సరైనవే అయినా, ఆమె చెప్పినట్టే రాశాను.

రాయి నిలబెట్టిన రోజు పాస్టరుగారు ప్రార్థన చేసి వెళ్ళాక, అక్క వంగి చెక్కిన అక్షరాలను వేలితో తడిమింది.

"వీటిల్లో ఆయన పేరేది?"

ఆమె చెయ్యి పట్టుకుని చూపించాను. అక్కడ అరచెయ్యి ఆనించింది.